బాబ్ టేలర్‌ను ఆరేళ్లు కూర్చోబెట్టడం సబబేనా? కీపర్‌కు చేతులు ముఖ్యమా, పరుగులా?

కౌంటీ పిచ్చి:
మన కీపర్ శ్రీకర్ భరత్‌ను టెస్టు జట్టులోంచి పక్కన పెట్టినప్పటి వాదనలో ఒకరు "బ్యాటింగ్ రాని కీపర్ ఏ కాలంలోనూ చెల్లలేదు" అన్నారు. మరి బాబ్ టేలర్‌ను ఏం చేద్దాం? ఇంగ్లండ్‌లో 1961 నుంచి 1984 దాకా డెర్బీషైర్ కౌంటీ జట్టు కీపర్. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 1,473 క్యాచ్‌లు, 176 స్టంపింగ్‌లు, మొత్తం 1,649. ఇప్పటికీ అదే ప్రపంచ రికార్డు. కౌంటీ మ్యాచ్‌లు ఇంతగా తగ్గిపోయాక దాన్ని దాటేవాడు ఇక పుట్టడు కూడా. అలాంటివాడికి తొలి టెస్టు 1971లో క్రైస్ట్‌చర్చ్‌లో దక్కితే, రెండోది 1977 చివర్లో. అదీ ఇంగ్లండ్ మొదటి కీపర్ అలన్ నాట్, ఆస్ట్రేలియా వ్యాపారి ప్యాకర్ నడిపిన ప్రైవేటు సిరీస్‌కు వెళ్లిపోయాడు కాబట్టి. అప్పటికి టేలర్ వయసు 36. నా లెక్కలో ఇది ముమ్మాటికీ అన్యాయం.

లెక్కల మాస్టారు:
అన్యాయం అనేది పెద్ద మాటండీ. టెస్టుల్లో నాట్ సగటు 32.75, ఐదు సెంచరీలు. టేలర్ సగటు 16.28, సెంచరీ లేదు. అంటే ఇన్నింగ్స్‌కు పదహారు పరుగుల తేడా. ఒక వికెట్ విలువ ముప్పై పరుగులనుకుంటే, నాట్ కన్నా టేలర్ ప్రతి రెండు ఇన్నింగ్స్‌కు ఒక వికెట్ అదనంగా తెచ్చిపెట్టాలి. అవతల ఉన్నది క్యాచ్‌లు జారవిడిచే మనిషి అయితే సరే. నాట్ అలా కాదు. కెంట్ కౌంటీలో, తడిసిన పిచ్‌ల మీద, స్పిన్నర్ అండర్‌వుడ్ బౌలింగ్‌కు స్టంప్స్ వెనక నిలబడ్డవాడాయన! టేలర్ ఓ పిసరు మెరుగే అనుకుందాం. ఆ పిసరు పదహారు పరుగులు చేయదు.

మ్యాటింగ్ కీపర్:
మాస్టారూ, మీ లెక్క క్యాచ్ పట్టడం, వదలడం దగ్గరే ఆగిపోయింది. నేను పదిహేనేళ్లు లీగ్ మ్యాచ్‌ల్లో మ్యాటింగ్ (చాప పరిచిన పిచ్) మీద కీపింగ్ చేశాను. టీ కప్పు పట్టుకుంటే నా కుడి చిటికెన వేలు ఇప్పటికీ పక్కింటి వైపు చూస్తుంది. మా జట్టులో ఓ మీడియం పేసర్ ఉండేవాడు. నేను స్టంప్స్‌కు ఆనుకుని నిలబడితే బ్యాట్స్‌మన్ క్రీజు దాటడానికి భయపడేవాడు, బంతి తిరిగేదాకా ఆగి ఆడాల్సి వచ్చేది. వేలు వాచిన రోజుల్లో నేను పది గజాలు వెనక్కి జరిగేవాణ్ని. అదే బ్యాట్స్‌మన్ రెండడుగులు ముందుకొచ్చి, స్వింగ్ కాకముందే బాదేవాడు. ఆ పరుగులు బౌలర్ ఖాతాలో పడ్డాయి. నా ఖాతాలో ఎవరూ రాయలేదు.

ఇక లెగ్ సైడ్ బంతి. బ్యాట్స్‌మన్ శరీరం అడ్డొచ్చి కాసేపు అసలు కనబడదు. ఎక్కడ తేలుతుందో ముందే ఊహించి చేతులు అక్కడ పెట్టాలి. టేలర్ పాత వీడియోల్లో చూడండి, దూకడం ఉండదు, పాదాలు ముందే చేరిపోయి ఉంటాయి. చూసేవాడికి తేలిక బంతిలా కనిపిస్తుంది. ఆయనకు పేరు రాకపోవడానికి అదీ ఓ కారణమే.

కౌంటీ పిచ్చి:
బాగా చెప్పారు. 1980 బొంబాయి టెస్టు కూడా కలుపుకోండి. మన మీదే ఒక్క మ్యాచ్‌లో పది క్యాచ్‌లు, తొలి ఇన్నింగ్స్‌లోనే ఏడు.

లెక్కల మాస్టారు:
పదీ క్యాచ్‌లే కదా? స్వింగ్ అవుతున్న పిచ్ మీద బోథమ్ 13 వికెట్లు తీసిన మ్యాచ్ అది. వెనక్కి నిలబడి పట్టినవాటితో, పై మిత్రుడు చెప్పిన విద్య రుజువు కాదు. పైగా ఆ మ్యాచ్ టేలర్ చేతుల వల్లే తిరిగిందా? ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు బోథమ్, టేలర్ కలిసి 171 జోడించారు. మధ్యలో టేలర్‌ను కీపర్ క్యాచ్‌గా అంపైర్ ఔటిస్తే, మన కెప్టెన్ విశ్వనాథ్ బ్యాట్‌కు తగల్లేదని వెనక్కి పిలిచారు. టేలర్ చేసింది 43. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్‌ను ఒడ్డున పడేసింది కీపర్ బ్యాటింగే!

ఉప్పల్ గ్యాలరీ:
పాత కథ ఎందుకు, 2024 జనవరి ఉప్పల్ టెస్టుకు రండి. నేను అక్కడే ఉన్నాను. భరత్ 41, 28 చేశాడు, ఎవరికీ గుర్తులేదు. చివర్లో అశ్విన్, తర్వాత సిరాజ్, ఇద్దరూ స్పిన్నర్ హార్ట్‌లీ బౌలింగ్‌లో ఇంగ్లండ్ కీపర్ ఫోక్స్ చేతిలో స్టంపౌట్. 28 పరుగులతో ఓడాం. సిరీస్ ముగిసేలోపే భరత్ చోటు పోయింది. సరే, వైజాగ్‌లో 17, 6 చేశాడు. ఆ వేసవిలో ఫోక్స్ చోటూ పోయింది. విడ్డూరం ఏమిటంటే, ఇంగ్లండ్ కీపర్‌గా వచ్చిన జేమీ స్మిత్ ఆడేది ఫోక్స్ ఆడే సర్రే కౌంటీకే. అక్కడ గ్లోవ్స్ ఫోక్స్‌వి, దేశానికి వచ్చేసరికి స్మిత్‌వి. ఇంట్లో వంట ఒకరిది, పెళ్లిలో వంట మరొకరిది!

లెక్కల మాస్టారు:
భరత్ స్థానంలో వచ్చిన జురెల్ రాంచీలో 90, 39 నాటౌట్ చేసి మ్యాచ్ గెలిపించాడు. ఆ ముక్క వదిలేశారు.

కౌంటీ పిచ్చి:
మరి 1981? ఆస్ట్రేలియా మీద టేలర్ కీపింగ్ చేసిన హెడింగ్లీ, ఎడ్జ్‌బాస్టన్ టెస్టులు రెండూ ఇంగ్లండ్ గెలిచింది. తర్వాతి టెస్టుకే ఆయన్ను తీసేసి నాట్‌ను తెచ్చారు.

లెక్కల మాస్టారు:
నాట్ 59 కొట్టాడు, ఆ తర్వాత ఓవల్‌లో 70 నాటౌట్. సెలక్టర్లను ఏమనమంటారు?

ఉప్పల్ గ్యాలరీ:
సెలక్టర్లను వదిలేయండి. గాయం తగిలినప్పుడు ఎవరిని పిలుస్తారో చూడండి. 1986 లార్డ్స్ టెస్టులో ఇంగ్లండ్ కీపర్ బ్రూస్ ఫ్రెంచ్ గాయపడితే, న్యూజిలాండ్ కెప్టెన్ కోనీ ఒప్పుకోవడంతో టేలర్ వచ్చి గ్లోవ్స్ తొడుక్కున్నారు. రిటైరై రెండేళ్లు, వయసు 45. ఆ రోజు ఆయన స్పాన్సర్ గుడారంలో అతిథులను చూసుకునే పనిలో ఉన్నారు! 2021 కాన్పూర్‌లో మన కీపర్ సాహా మెడ పట్టేస్తే వచ్చింది భరతే. రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. 2017 నుంచి నిబంధన మారింది కాబట్టి, బదులుగా వచ్చినవాడు కీపింగ్ చేయడానికి అంపైర్లు ఒప్పుకుంటే చాలు.

మ్యాటింగ్ కీపర్:
మాస్టారితో నేను సగం ఒప్పుకుంటాను. నాట్ ఉండగా నేనైనా నాట్‌నే తీసుకునేవాణ్నేమో. కానీ 16.28 చూసి బ్యాట్ పట్టడం రాదనుకోకండి. 1979 అడిలైడ్‌లో 132 పరుగులకు 6 వికెట్లు పోయాక, టేలర్, సాటి డెర్బీషైర్ ఆటగాడు జెఫ్ మిల్లర్ 135 జోడించారు. టేలర్ 97 దగ్గర ఔటయ్యారు. బౌలర్ రోడ్నీ హాగ్. క్యాచ్ పట్టింది కెవిన్ రైట్, ఆస్ట్రేలియా కీపర్. అతనికి అదే తొలి టెస్టు.