బీబీసీ మైక్రో ఆన్ చేస్తే పొగ వచ్చింది

తిరుపతి నుంచి:
1984లో క్లాస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ చదువుల ప్రాజెక్టు కింద స్కూళ్లకొచ్చాయే, ఆ బీబీసీ మైక్రో కంప్యూటర్ ఒకటి పాత సామాన్ల అంగట్లో దొరికింది. ఆన్ చేయగానే ఆ "బూ... బీప్" విని కళ్లు చెమర్చాయి, కాసేపటికే వెనకనుంచి ఘాటుగా పొగ! బోర్డు పోయిందేమోనని టెన్షన్‌గా ఉందన్నా.

చిత్తూరు నుంచి:
భయపడొద్దు తమ్ముడూ, వీటికిది మామూలే. పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చేచోట ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ వాటి పైపొర బీటలిచ్చి తేమ చేరుతుంది. ప్లగ్ పీకి, కాసేపాగి, తెలిసిన మెకానిక్‌తో ఎక్స్2 రకం (నేరుగా మెయిన్స్ కరెంటుకు పెట్టే సురక్షితమైన రకం) కొత్తవి వేయించు. మామూలుగా బోర్డుకేం కాదు.

తిరుపతి నుంచి:
పెద్ద కెపాసిటర్ నిలువునా చీలి, గోధుమరంగు జిగురు కారివుంది. రెండూ మార్పించా, 32 కేబీ మెమరీ మెషీన్ మళ్లీ లేచిందన్నా!

మదనపల్లె నుంచి:
పాత ప్రోగ్రాముల క్యాసెట్లుంటే పారేయొద్దు, ముందు టేప్‌రికార్డర్ హెడ్ స్పిరిట్‌తో తుడిచి లోడ్ చెయ్.