పార్సిల్ కట్టించుకున్న కోపీ, కాయా టోస్ట్: దీన్ని నన్యాంగ్ ఫలహారం అనవచ్చా?

కాయాప్రియ (చర్చ మొదలుపెట్టినవారు)
సింగపూర్‌లో ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషన్ల దగ్గర, ఆఫీసు భవనాల కింద, ఇద్దరు మనుషులు నిలబడేంత జాగాలో కోపీ (ఇక్కడి కాఫీ), కాయా టోస్ట్ (కొబ్బరిపాలు, గుడ్ల జామ్ రాసిన రొట్టె) అమ్మే కియోస్కులు మీరూ చూసే ఉంటారు. కుర్చీ ఉండదు. తెర మీద ఎంచుకుని, కార్డు తాకించి, సంచి అందుకుని నడవడమే. ఈ ఉదయం అలాంటి ఒక కొట్టులో కోపీ-సి, కాయా టోస్ట్, సగం ఉడికిన గుడ్లు తీసుకున్నాను. (కొత్తగా వచ్చినవారికి: నన్యాంగ్ అంటే చైనా వలసదారులు ఆగ్నేయాసియాను పిలిచే పేరు. మామూలు కోపీలో తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ వేస్తారు. కోపీ-సి లో ఇవాపొరేటెడ్ పాలు, పంచదార.) కాఫీకి వంక పెట్టను. టోస్ట్ మాత్రం నా బల్ల దగ్గరికి చేరేసరికి తడిసిన అట్టలా ఉంది. మూత బిగించిన గిన్నెలో గుడ్లు ఆ వేడికే ఇంకాస్త ఉడికి గట్టిపడ్డాయి. "సంప్రదాయ నన్యాంగ్ రుచి" అని బోర్డు పెట్టుకునే హక్కు వీళ్ళకు ఉందా? లేదంటాను.

పింగాణీ కప్పు
ముమ్మాటికీ లేదు. కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార, పాండన్ ఆకు కలిపి సన్నని సెగ మీద ఓపికగా కలియబెట్టే జామ్. పలుచని రొట్టెను కరకరలాడేలా కాల్చి, కాయా రాసి, మధ్యలో చల్లటి వెన్న ముక్క పెడతారు. రొట్టె వేడికి ఆ వెన్న కరగాలా వద్దా అని ఊగిసలాడే ఒకటి రెండు నిమిషాలే అసలు టోస్ట్. సంచిలో పెట్టి మడిచారంటే లోపలి ఆవిరి పని కానిచ్చేస్తుంది. గుడ్లయితే పళ్ళెంలో కొట్టి, నల్ల సోయా సాస్, తెల్ల మిరియాల పొడి వేసి, అందులో టోస్ట్ ముంచుకుని తినాలి. కాఫీకి మందపాటి పింగాణీ కప్పు, సాసరు. పెద్దవాళ్ళు ఇప్పటికీ సాసరులో ఒంపుకుని తాగుతుంటే నాకు మా తాతయ్య గుర్తొస్తారు. కాగితం కప్పులో ఏం ఒంపుకుంటారు?

రేవువీధి
పింగాణీ కప్పు గారూ, ఇది కుర్చీలో కూర్చున్నవాళ్ళ చరిత్ర. నిలబడ్డవాళ్ళ చరిత్ర కూడా ఒకటుంది. హైనాన్ దీవి వాళ్ళు మిగతా చైనా వలసదారుల కంటే ఆలస్యంగా వచ్చారు. అప్పటికే లాభసాటి వ్యాపారాలు ఫుకియెన్, తియోచ్యూ వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. హైనాన్ వాళ్ళకు దొరికింది బ్రిటిష్ ఇళ్ళలో, ఓడల మీద వంట పని. రొట్టె కాల్చడం, కాఫీ కాచడం అక్కడే పట్టుబడింది. తరువాత సొంత కొట్లు పెట్టుకున్నారు. పేరున్న కాయా టోస్ట్ కొట్టు యా కున్‌నే తీసుకోండి. 1926లో హైనాన్ నుంచి వచ్చిన లోయ్ ఆ కూన్ 1944లో తెలోక్ ఆయర్ దగ్గర మొదలుపెట్టింది ఒక బడ్డీ మాత్రమే.

పార్సిల్ కూడా కొత్తది కాదు. ఖాళీ అయిన పాల డబ్బాకు తాడు కట్టి అందులో కాఫీ పోసి ఇచ్చేవారు. తరువాత దారం బిగించిన ప్లాస్టిక్ సంచి వచ్చింది, అది నేటికీ ఉంది. పనికి పోయేవాడు తాగుతూ పోయే కాఫీ ఇది. కియోస్కు దాని సొంత వారసురాలు.

పింగాణీ కప్పు
డబ్బాలో కాఫీ ఇచ్చారు, ఒప్పుకుంటాను. టోస్ట్ కూడా డబ్బాలో ఇచ్చారా?

చిక్కని డికాషన్
రుచి దేని వల్ల వస్తుందో చెప్పకుండా హక్కుల గురించి వాదిస్తే ఎలాగండీ? రొబస్టా గింజలను పంచదార, మార్జరిన్ లేదా వెన్న వేసి నల్లగా వేయిస్తారు. ఆ పొడిని మేజోడు లాంటి పొడవాటి గుడ్డ సంచిలో వేసి, మరిగే నీళ్ళు పోసి, పొడుగు ముక్కు కూజాల్లోకి అటూ ఇటూ వడపోస్తారు. దిగిన చిక్కని డికాషన్‌కు వేడినీళ్ళు కలిపి ఇస్తారు. మన ఫిల్టర్ కాఫీకి అలవాటైన నాలుకకు ఇది తొందరగా నచ్చేది ఇందుకే అనుకుంటాను, చికోరీ చేదు లోటు తెలియనివ్వదు.

ఇందులో ఏ పనికీ కుర్చీ అక్కర్లేదు. కనుక కొట్టు ఎంత చిన్నదని కాదు, లోపల గుడ్డ సంచి ఉందా, మీట నొక్కితే కాఫీ పోసే యంత్రం ఉందా అని చూడండి. డికాషన్ ఎంతసేపటి నుంచి వేడి మీద ఉందో చూడండి. ఉదయం రద్దీలో కూజా గబగబా ఖాళీ అవుతుంది కాబట్టి కియోస్కు కాఫీ అప్పుడే బాగుంటుంది. మధ్యాహ్నం మూడింటికి అదే కొట్టులో తాగి, కాఫీ మాడిందని తిట్టుకోకండి.

శాకాహారి_బూన్‌లే
చర్చ పక్కదారి పట్టిస్తున్నందుకు ఏమనుకోకండి. మొన్న ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారికి ఇది కొబ్బరి జామ్ అని చెప్పి ఎవరో కాయా తినిపించారు. ఆవిడ గుడ్డు ముట్టరు. కియోస్కు తెర మీద బొమ్మ, ధర తప్ప ఇంకేమీ లేవు. కూర్చునే కొట్టయితే ఆంటీని అడగవచ్చు, కాయా వద్దంటే వెన్న, పంచదార వేసి ఇస్తుంది. నా ఓటు కుర్చీకే.

రేవువీధి
అత్తయ్యగారి విషయంలో మీ కోపం న్యాయమే. కానీ ఆ తెర వల్లనే ధైర్యంగా కాఫీ కొనుక్కోగలిగినవాళ్ళూ మనలో ఉన్నారు. కొత్తలో "కోపీ-ఓ కోసోంగ్", "సియూ దాయ్", "గావ్", "పెంగ్" అంటూ వెనక వరుసలో వాళ్ళు విసుక్కునేలోపు చెప్పవలసి వస్తే ఎంతమంది తడబడలేదు? పాలూ చక్కెరా లేనిది, తీపి తగ్గించినది, చిక్కనిది, ఐసు వేసినది అని తెర నెమ్మదిగా చూపిస్తుంది.

కాయాప్రియ
తెర మీద నాకు కోపం లేదు. నా భయం వేరు. ఇవి పెరిగేకొద్దీ పాత కోపీటియామ్‌లు (కూర్చుని తాగే కాఫీ కొట్లు) మూతపడవా?

చిక్కని డికాషన్
మూతపడే కారణాలు వేరే ఉన్నాయి. తెల్లవారుజామున లేచి ఆ వేడిలో నిలబడటానికి పిల్లలు ముందుకు రావడం లేదు. కాతోంగ్ పేటలోని చిన్ మీ చిన్ అనే పాత కొట్టును కియోస్కులేమీ ముంచలేదు. అది ఆగిపోయి, 2021లో కొత్త భాగస్వాములతో మళ్ళీ తెరుచుకుంది. 1919 నాటి కిలినీ కొట్టును 1993లో అక్కడి పాత ఖాతాదారు ఒకరు కొనబట్టి నిలిచింది. ఇప్పుడు దానికి శాఖలున్నాయి. శాఖలంటే మీకు పడదు, కానీ ఆ పేరు బతికింది వాటితోనే.

కాయాప్రియ
సరే, ఇది చెప్పండి. స్టేషన్ గేటు దాటాక రైల్లో గుక్క నీళ్ళు తాగినా జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. మరి అదే స్టేషన్లో వేడి కాఫీ అమ్మితే దాన్ని ఎక్కడ తాగాలి? గేటు ఇవతల గోడకు ఆనుకుని గడగడా తాగెయ్యాలి, లేదా దిగే స్టేషన్ దాకా చల్లార్చుకోవాలి. కాఫీ వరకు మీ మాట ఒప్పుకుంటాను. టోస్ట్, గుడ్లు మాత్రం ఈ కొట్లు అమ్మకపోవడమే మర్యాద. అంతగా అమ్మాలంటే రొట్టె, కాయా, వెన్న విడివిడిగా ఇవ్వమనండి, ఆఫీసులో కాల్చుకుంటాం.

పింగాణీ కప్పు
ఆఫీసు టోస్టరులోనా? నిన్న అందులో ఎవరో వెల్లుల్లి రొట్టె కాల్చారు. దానికంటే మీ తడిసిన అట్టే నయం.