మల్లె, గులాబీ కత్తిరింపు: కార్తీక వానల్లోనా, వానలు తేలాకనా?

తిరుచానూరు మిద్దెతోట:
దసరా దాటితే చాలు, ఏటా ఇదే పేచీ. మిద్దె మీద 14 అంగుళాల కుండీల్లో గుండుమల్లె, అంటుకట్టిన గులాబీలు ఉన్నాయనుకోండి. ఇప్పుడే కత్తిరిస్తే సంక్రాంతికి పూలొస్తాయని కొందరంటారు. మనకు అసలు వానలు ఇప్పుడే గదా, కోసిన కొమ్మలు కుళ్ళిపోతాయి, ధనుర్మాసం దాకా కత్తెర ముట్టుకోవద్దని ఇంకొందరు. కారణంతో చెప్పండి. ‘మా ఊళ్ళో ఇంతే’ అంటే కుదరదు.

కొర్లగుంట గులాబీలు:
గులాబీకి ఆగే పని లేదు. కత్తిరించిన 45 నుంచి 50 రోజులకు పూస్తుంది, చలి ముదిరితే ఇంకో వారం. జనవరి 14 నుంచి వెనక్కి లెక్కేసుకోండి, నవంబరు 25 దాటితే పండక్కి పూలు అనుమానమే.

కోసే పద్ధతి: ముందు ఎండుపుల్లలు, పెన్సిల్ కన్నా సన్నగా ఉన్న కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి తీసెయ్యండి. మిగిలిన నాలుగైదు గట్టి కొమ్మల్ని అడుగున్నర ఎత్తుకు దించండి. బయటి వైపు చూసే కన్నుకు (చిగురు పుట్టే బుడిపెకు) పావు అంగుళం పైన, వాలుగా కోయాలి, నీటిబొట్టు కన్ను మీదికి కాకుండా అవతలికి జారేట్టు. కోసిన చోట మధ్య బెండు తెల్లగా కనిపించాలి. గోధుమరంగుంటే ఇంకో అంగుళం కిందికి రండి, తెలుపు కనిపించేదాకా. ఆ గోధుమరంగును వదిలేస్తే ఎండు తెగులు పైనుంచి కిందికి దిగి మొత్తం కొమ్మను తినేస్తుంది. నాటు పన్నీరు గులాబీకి మాత్రం ఇంత కోత వద్దు, పై మూడో వంతు తీస్తే చాలు.

చిత్తూరు మల్లెపందిరి:
గులాబీ సంగతి అట్టుంచండి అక్కా. మల్లెకు ఇదే లెక్క పెడితే మునుగుతారు.

మల్లెకు కత్తిరింపంటే మోకాలి ఎత్తుకు దించి, మిగిలిన ఆకు కూడా దూసెయ్యడం. ఆకు లేని చెట్టు నీళ్ళు తాగదు. నవంబరులో మనకు వాన ఎక్కువ, ఎండ తక్కువ. కుండీలో తడి ఆరదు, తాగే ఆకు లేదు, వేరు ఊపిరాడక నల్లబడుతుంది. జనం కోసిన చోట కుళ్ళిందనుకుంటారు గానీ చెట్టు పోయేది కింద నుంచి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి అందరికీ గుర్తే. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు మొదటి వారంలో వచ్చింది. క్యాలెండర్ చూసి నవంబరు 1న కత్తెర పట్టడం జూదమే.

డిసెంబరు ఆఖరు వారం నుంచి సంక్రాంతి లోపు కొయ్యండి. కొత్త చిగురు చివరే మొగ్గ కడుతుంది, మార్చికి పూత మొదలు. ఎటూ గుండుమల్లె అసలు కాలం ఎండాకాలమే గదా, సంక్రాంతికి దాన్ని తొందరపెట్టి ఏం లాభం?

కొర్లగుంట గులాబీలు:
మరి తోటల్లో రైతులు నవంబరు ఆఖరు వారం నుంచే కోస్తారు గదన్నా? వాళ్ళకు తెలీదా?

చిత్తూరు మల్లెపందిరి:
తెలుసు కాబట్టే కోస్తారు. ముందు పూసిన పూవుకు ధరెక్కువ, అందుకని తోటను భాగాలు చేసి వంతులవారీగా కోసుకుంటూ పోతారు. పైగా అక్కడ బోదెలుంటాయి, నీళ్ళు కాలవలోకి జారిపోతాయి. కుండీకి అడుగున ఒక్క బొక్క, అదీ సగం సార్లు మట్టితో మూసుకుపోయి ఉంటుంది. నేలలో నాటిన మల్లెకు మురుగు బాగా పోతుంటే నవంబరు ఆఖర్లో కోసినా నాకు అభ్యంతరం లేదు.

నర్సరీ కత్తెర:
ఇద్దరూ కోత తర్వాతి పని చెప్పలేదు. వానాకాలంలో కోస్తే అదే ముఖ్యం.

కోసిన చోట తెగులు పట్టకుండా పూసే బోర్డో పేస్ట్: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అర లీటరు నీళ్ళలో, పొడిసున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, రెండూ ఒకేసారి మూడో పాత్రలోకి పొయ్యాలి. పాత్రలన్నీ ప్లాస్టిక్‌వే. నాలుగు కుండీలకైతే పది పది గ్రాములు, నూరు మిల్లీ లీటర్ల నీళ్ళు చాలు. కలిపాక శుభ్రమైన ఇనప మేకు ఒక నిమిషం ముంచి చూడండి. మేకు మీద ఎర్రగా రాగిపూత పడితే సున్నం చాలనట్టు, ఇంకాస్త కలపాలి. చాలామంది వాడే సున్నం పాతబడి చచ్చినదే, అందుకే ఈ పరీక్ష. చిన్న కుంచెతో కోసిన చోట్లకు పూయండి. ఏ రోజుది ఆ రోజే వాడాలి, నిలవ పనికిరాదు.

ఇంత తంటా వద్దనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీళ్ళతో పేస్టుగా కలిపి పూయొచ్చు. అదే మందు లీటరుకు 3 గ్రాములు కలిపి గులాబీ కొమ్మల మీద కొట్టండి. కుండీలో రాలిన నల్లమచ్చల ఆకు ఏరెయ్యకపోతే మాత్రం ఎంత కొట్టినా దండగే, మచ్చ తెగులు దాంట్లోంచే మళ్ళీ చిగురుకెక్కుతుంది.

తిరుచానూరు మిద్దెతోట:
కోతకు ముందు నీళ్ళు బిగబట్టాలా వద్దా? ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో మాట.

చిత్తూరు మల్లెపందిరి:
నేలలో మల్లెకు పది, పదిహేను రోజులు బిగబడితే మంచిదే. కుండీలో అన్ని రోజులంటే చెట్టు ఎండిపోతుంది. పొద్దున పూట కూడా ఆకు కాస్త వాలినట్టు కనిపిస్తే అదే హద్దు, మూడు నాలుగు రోజులకే ఆ స్థితి వస్తుంది. వాన పడుతుంటే ఎట్టా బిగబడతారు? అది కూడా నవంబరు కోతకు అడ్డే. కొందరు వేర్ల చుట్టూ మట్టి తవ్వి ఎండ చూపిస్తారు. కుండీలో ఆ పని వద్దే వద్దు, పీచువేర్లు తెగిపోతాయి.

ఎరువు కోసిన రోజే వెయ్యకండి. చిగురు గోరంత వచ్చాక 14 అంగుళాల కుండీకి మాగిన పేడఎరువు ఒక కిలో, వేపపిండి 50 గ్రాములు పైమట్టిలో కలపండి. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువున్న చోట చిగురాకు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, అది ఇనుము లోపం. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 5 గ్రాములు, అర నిమ్మచెక్క రసం పిండి, సాయంత్రం పూట ఆకు మీద కొట్టండి. వారానికోసారి, రెండు మూడు సార్లు.

పలమనేరు పైగడ్డ:
మా పక్క చలి మీకన్నా ఎక్కువ. ఇక్కడ డిసెంబరులో మల్లె కోస్తే మోడు చూస్తూ కూర్చోవాల్సిందే, చిగురు కదలదు. సంక్రాంతి దాటాకే కత్తెర. తిరుపతి లెక్క ఇక్కడ అతకదు.

నర్సరీ కత్తెర:
ఈ ఊపులో చామంతికి కత్తెర పెట్టకండి. దాని చివర్లు తుంచే కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు తుంచితే మొగ్గలే పోతాయి. వాలిపోకుండా కర్ర ఊతం కట్టండి చాలు. ఇంకోటి, చామంతి పొడుగు రాత్రుల్లోనే మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా మిద్దె లైటు దాని మీదే వెలుగుతుంటే ఆకు ఏపుగా ఉంటుంది, పూత ఆలస్యమవుతుంది. కుండీని చీకటి మూలకు జరపండి. కనకాంబరాన్ని వానకు అందకుండా సన్‌షేడ్ కిందికి లాగండి, నీరు నిలిస్తే నిలువునా వాడిపోతుంది. కుండీలన్నిటికీ కింద రెండేసి ఇటుకలు పెట్టి, అడుగు బొక్కలో పుల్ల పెట్టి పొడిచి చూసుకోండి.

తిరుచానూరు మిద్దెతోట:
అయితే మా మిద్దెకు ఇదీ: తుపాను కబురు లేకుండా రెండు మూడు రోజులు పొడి దొరికితే నవంబరు 25 లోపు గులాబీ. దొరక్కపోతే సంక్రాంతి పూలు పూలబజారులోనే. మల్లె డిసెంబరు ఆఖరున.

కొర్లగుంట గులాబీలు:
మల్లె మీద నేనింకా ఒప్పుకోను. నాలుగు చినుకులకు భయపడి నెల వదులుకోవడమెందుకు? వానకు తడవని వరండా ఉన్నవాళ్ళు కార్తీకంలోనే కోసుకోవచ్చు. పైగా ఈ తడి గాలిలో మల్లె ముక్కలు బాగా వేరు పట్టుకుంటాయి, జనవరిలో ఆ తేమ ఎక్కడ?

చిత్తూరు మల్లెపందిరి:
ముక్కల మాట నిజమే. దానికోసం చెట్టంతా కొయ్యాలా అక్కా? మరీ లేతా, మరీ ముదురూ కాని కొమ్మలు రెండు తీసుకుంటే సరి. జానెడు కన్నా కాస్త తక్కువ, మూడు కణుపులుండేట్టు ముక్కలు చేసి, కింది ఆకు తీసి, రెండు కణుపులు తడి ఇసకలో దిగేట్టు నీడన గుచ్చండి. వరండా సంగతంటారా, ఎండ తగలని వరండాలో కోసిన మల్లె సన్నగా తీగలు సాగుతుంది, మొగ్గ కట్టదు. రోజుకు నాలుగైదు గంటల ఎండ పడే వరండా అయితే మీ మాటే సరి.