చర్చ: గుండె సీటీలో 60 శాతం బ్లాక్ వస్తే నేరుగా యాంజియోకు పోవాలా, ముందు థాలియం చేయించాలా?

నకిరేకల్ తమ్ముడు: మా నాయనకు 61 ఏళ్లు. చేను గట్టు ఎక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, కూర్చుంటే రెండు నిమిషాల్లో తగ్గుతుంది. సీటీ యాంజియోలో ఒక నాళంలో 60 శాతం బ్లాక్ అన్నారు. ఒక డాక్టర్ యాంజియో చేసి, అవసరమైతే అప్పుడే స్టెంట్ వేద్దామన్నారు. ఇంకొకాయన ముందు థాలియం (గుండెకు రక్తం ఎంత అందుతుందో చూసే స్కాన్) అంటున్నారు. ఎవరి మాట వినాలి?

దేవరకొండ రైతు: యాంజియోకే పో తమ్ముడూ. మా బావమరిదికి థాలియం చేయించాం, చివరికి యాంజియో తప్పలేదు. హైదరాబాద్‌కు రెండుసార్లు కారు కిరాయి దండగ.

పాలమూరు టెక్నీషియన్: ఒప్పుకోను అన్నా. 60 శాతం అంటే నాళం ఎంత సన్నబడిందో తెలుస్తుంది, రక్తం ఎంత తగ్గిందో తెలియదు. మీ బోరు పైపు ఒకచోట నొక్కుకుపోయిందనుకోండి. ఒక వాల్వ్ తిప్పితే నీళ్లు బాగానే వస్తాయి. మూడూ తిప్పినప్పుడే చివరి మడికి అందవు. మేం చూసేది కూడా అదే. గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒకసారి, ట్రెడ్‌మిల్ మీద నడిపించో ఇంజెక్షన్ ఇచ్చో ఇంకోసారి ఫొటో తీస్తాం. రెండోదాంట్లోనే మచ్చ కనబడితే అక్కడ రక్తం చాలట్లేదని అర్థం. (పేరు థాలియమే గానీ ఫొటో కోసం ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక పదార్థంగా ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం.)

మిర్యాలగూడ అక్క: మూడు నాళాలూ ఒకేలా సన్నబడితే? అన్ని వైపులా సమానంగా తగ్గుతుంది, మచ్చ తేలదు. నార్మల్ అని ఇంటికి పంపిస్తారు.

పాలమూరు టెక్నీషియన్: నిజమే అక్కా, అది మా టెస్టుకున్న లోపమే. కానీ వీళ్ల నాయనకు సీటీ అయిపోయింది, బ్లాక్ ఒక్కటే. ఆ సీటీ ఫొటోల నుంచే కంప్యూటర్‌తో ఎఫ్ఎఫ్ఆర్ (బ్లాక్‌కు ముందున్న రక్తం ఒత్తిడిలో దాటాక ఎంత వంతు మిగిలిందో చెప్పే అంకె) లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది, అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. ఆ అంకె 0.80 కంటే ఎక్కువ ఉంటే సాధారణంగా స్టెంట్ జోలికి పోరు. కాకపోతే నాళంలో సున్నం బాగా పేరుకుంటే సీటీ ఫొటోనే సరిగా రాదు.

దేవరకొండ రైతు: స్టెంట్ వేస్తే అటాక్ భయమైనా పోతుంది కదా?

పాలమూరు టెక్నీషియన్: అందరికీ పోదన్నా. 2020లో వచ్చిన ‘ఇస్కీమియా’ అనే ట్రయల్‌లో 5,179 మందిని చూశారు. నిలకడగా ఉన్న నొప్పికి మందులతో మొదలుపెట్టినవాళ్లకూ, ముందే యాంజియోకు వెళ్లినవాళ్లకూ అటాక్‌లు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంట్‌దే పైచేయి. ఎడమ వైపు మెయిన్ నాళంలో పెద్ద బ్లాక్ ఉన్నవాళ్లను ఆ ట్రయల్‌లోకి తీసుకోలేదు, వాళ్ల లెక్క వేరు. తమ్ముడూ, కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తే ఏ టెస్టూ ఆలోచించకు, ఎమర్జెన్సీకి పో.

నకిరేకల్ తమ్ముడు: బుధవారం థాలియంకు రాయించాం. ముందురోజు నుంచి టీ, కాఫీ బంద్ అన్నారు. నాయనకు గుండె కంటే ఆ టీ టెన్షనే ఎక్కువైంది.