ఖ్మేర్ నవలల్లో ఇన్ని తప్పులా? జాలిపడి ఊరుకోవాలా, నిలదీయాలా?

మెకాంగ్‌వాసి: కంబోడియా రాజధాని ఫ్నామ్ పెన్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి భాష ఖ్మేర్ చదవడం నేర్చుకున్నదే నవలల కోసం. మొన్న 20,000 రియళ్లు, అంటే దాదాపు 5 డాలర్లు, పెట్టి ఒక కొత్త నవల కొన్నాను. హీరోయిన్ పేరు మొదట్లో ఒకలా, నలభయ్యో పేజీలో ఇంకోలా ఉంది. పోనీలే అనుకున్నాను. ఆమె ఫ్చుం బెన్ పండక్కి గుడికెళ్లి, పోయిన తండ్రి పేరున అన్నం ముద్దలు పెడుతుంది. (మన పితృపక్షం లాంటిదే. బెన్ అంటే పిండమే.) అది వచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. తర్వాతి అధ్యాయం "వారం గడిచింది" అని మొదలవుతుంది. చూస్తే వీధిలో కొత్త సంవత్సరం నీళ్లు చల్లుకుంటున్నారు! వాళ్ల కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో కదా. కథ బాగుంది, అందుకే ఒళ్లు మండింది. అచ్చుకు ముందు ఇంకో మనిషి ఒక్కసారి చదివుంటే దొరికిపోయేది.

పాతపుస్తకం: కాస్త దయ చూపండి సార్. 1975–79 మధ్య అక్కడ ఏలిన కమ్యూనిస్టు ముఠా ఖ్మేర్ రూజ్ చదువుకున్నవాళ్లను ఏరి ఏరి చంపింది. 1980లలో నవలలు చేత్తో రాసి బజార్లో అద్దెకిచ్చేవారు. అలాంటి చోట ఎడిటర్లు ఎక్కణ్ణుంచి ఊడిపడతారు? చాలామంది రచయితలు సొంత డబ్బుతో వేసుకుంటారు. పుస్తకం కాస్త ఆడితే జిరాక్స్ కాపీలు దిగుతాయి. ఇక ఎడిటర్‌కి ఎవరిస్తారు డబ్బు?

మెకాంగ్‌వాసి: చరిత్ర కాదనను. కానీ ఈ రచయిత్రి అదంతా అయిపోయిన ఇరవయ్యేళ్లకు పుట్టింది. మీ దేశం చాలా బాధపడింది, నీ వాక్యం ఎలా ఉన్నా సరే అంటే అది దయ కాదు, చిన్నచూపు.

వత్తులబడి: స్పెల్లింగుల దగ్గర మాత్రం తొందరపడకండి. ఖ్మేర్‌లో పదాల మధ్య ఖాళీ వదలరు, పదం ఎక్కడ ఆగిందో తెలియక స్పెల్‌చెక్కర్ తికమకపడుతుంది. మనలాగే వాళ్లకూ కింద వత్తులుంటాయి. డ వత్తు, త వత్తు చూడ్డానికి ఒకటే. తప్పు కీ నొక్కినా అచ్చులో తెలీదు, సెర్చ్ చేస్తే మాత్రం పదం దొరకదు. పైగా వాళ్ల ప్రామాణిక నిఘంటువైన చువోన్ నాత్ నిఘంటువు రాత ఒకటి, తర్వాత బళ్లలో నేర్పిన సులభ రాత ఇంకొకటి. పండగ తప్పుకి వీటితో సంబంధం లేదనుకోండి.

గోంగూరపచ్చడి: నా మొదటి కథల పుస్తకం విజయవాడలో వేయించాను. అట్ట మీద నా ఇంటిపేరే తప్పు. ఎడిటింగ్ అంటే ప్రూఫులు దిద్దడమే అనుకుంటారు మన దగ్గరా. ఆ ప్రూఫులైనా చూస్తేగా!

మెకాంగ్‌వాసి: ఆ నవల రచయిత్రికి మెసేజ్ పెట్టాను. ఖర్చు తగ్గాలంటే పేజీలు తగ్గించమన్నారట, మధ్యలో ఒక అధ్యాయం తనే తీసేసింది. "వారం గడిచింది" అన్నది ఆ అధ్యాయం తర్వాత వారం. ఆర్నెల్లూ దాంతోనే ఎగిరిపోయాయి. "ఇంకా ఏమైనా కనిపించాయా?" అని అడిగింది. పెన్సిల్‌తో గుర్తు పెట్టినవి 31 ఉన్నాయి, ఫొటోలు తీసి పంపుతున్నాను.