అప్‌డేట్: ఆనేకల్ చేనులో మంచె పట్టీలు మార్చేశాం

బన్నేరుఘట్ట అడవి అంచున మా రాగి చేనులో, ఏనుగుల కాపలాకి చింతచెట్టు మీద కట్టిన మంచెకి మూడేళ్లయింది, ఈసారీ ఎక్కొచ్చా అని పోయిన నెల అడిగాను.

మీరు చెప్పినట్టే ఎక్కకుండా, ముందు నిచ్చెన వేసుకుని చూశాం. మంచెని చెట్టుకి పట్టి ఉంచే రెండు నైలాన్ పట్టీల్లో, పైకి గట్టిగా కనిపించిన ఒకటి బకిల్ దగ్గర మడత విప్పగానే పోగులు పోగులుగా రాలింది. ఎండ తినేసింది. చెట్టు లావెక్కడంతో రెండోది బెరడులోకి దిగిపోయింది! రెండూ కోసేసి కొత్తవి బిగించాం. ఇకమీదట కోతలవగానే విప్పి ఇంట్లో దాస్తాం.

నడుముకి తాడు చాలన్నాడు మామయ్య. నేను ఒప్పుకోలేదు. జారి వేలాడితే ఆ తాడే ఊపిరాడనివ్వదు. భుజాలకీ తొడలకీ పట్టే హార్నెస్ కొన్నాను. నిన్న రాత్రి అది తొడుక్కునే ఎక్కాడు; టార్చి, ఫ్లాస్కు తర్వాత తాడుతో లాక్కున్నాడు.