సమస్యాపూరణం: ముఖము కానరాదు ముకురమందు (కవిమిత్రుల సంభాషణ, వారి ఊరి పేర్లతో)

పర్లాకిమిడి: ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను, "ముఖము కానరాదు ముకురమందు". పూరణలో టెలిస్కోపు ఉండాలి. కారణం ఉంది. ఇంటికి కొత్త రిఫ్లెక్టర్, అంటే అద్దంతో వెలుగు పోగుచేసే టెలిస్కోపు, వచ్చింది. 150 మి.మీ. అద్దం, 750 మి.మీ. నాభ్యంతరం, అంటే వెడల్పుకు ఐదు రెట్లు, ఎఫ్/5. మహేంద్రగిరి వైపు చీకట్లో పెట్టి, ఓరియన్ నెబ్యులా అనే ఆకాశపు వాయుమబ్బును 30 సెకన్ల చొప్పున ఫొటోలు తీసి కలిపాను. ఆ ఎరుపు తెర మీద తేలేసరికి ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. బాగా వెలిగే ప్రతి చుక్కకూ నాలుగు కిరణాలు, చిన్నద్దాన్ని పట్టి ఉంచే నాలుగు రేకుల వల్ల. ఫొటో అంచుల్లో చుక్కలు తోకచుక్కల్లా సాగాయి. దానికి కోమా కరెక్టర్, అంటే ఆ సాగుడును సరిచేసే కటకాల అమరిక, కొనాల్సిందే. రంగుల అంచులు మాత్రం ఎక్కడా లేవు. కటకంలా కాక అద్దం అన్ని రంగులనూ ఒకే చోటికి చేరుస్తుంది. 1668లో న్యూటన్ కటకం వదిలి అద్దం పట్టింది ఇందుకే.

గుణుపురం:

చుక్క వెలుఁగు పట్టి చూపు గొట్టములోనఁ
బెద్ద యద్ద మొకటి పిన్న యొకటి
కెమెర కంటిలోనఁ గెంపుమబ్బే తోఁచు
ముఖము కానరాదు ముకురమందు

బరంపురం: ధార బాగుంది మాస్టారూ. ఒక్క అభ్యంతరం. పగటిపూట గొట్టం మూతిలోంచి తొంగి చూస్తే ముఖం కనబడుతుంది, అదీ పెద్దదిగా. పెద్దద్దం పుటాకారం కదా! మరి కానరాదనడం ఎలా?

పర్లాకిమిడి: ఈ పద్యానికి ప్రాణం మూడో పాదం. ఫోకసర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే చోట, కెమెరా బిగించాక అక్కడ మన ముఖానికి చోటు లేదు, దూరపు చుక్కల వెలుగే పడుతుంది. పైగా కంటితో చూస్తే ఆ మబ్బు బూడిద రంగులోనే ఉంటుంది. హైడ్రోజన్ ఎరుపు పట్టేది కెమెరాయే. "మనిషి కంటిలోన" అని ఉంటే "కెంపు" అబద్ధమయ్యేది.

రాయగడ:

మంచు రాత్రి కొండ మాటున నిలిపిన
చిన్న యద్దమందు మంచు పట్టె
తుడువఁబోకు మన్న తొందరపడి నీవు
ముఖము కానరాదు ముకురమందు

గుణుపురం: తమ్ముడూ, ఊహ చక్కనిది. చిన్నద్దం చదునుగా ఉంటుంది కాబట్టి అందులో ముఖం కనిపించడం సహజం, ఇక్కడ కనిపించకపోవడానికి నువ్వు కారణం చూపించావు. రెండో పాదంలో యతి తప్పింది, "చి"కి "మ" చెల్లదు. "చిన్న యద్దమందుఁ జెమ్మ పట్టె" అంటే యతీ కుదురుతుంది, మంచు రెండుసార్లు రాదు. మన కొండల్లో చలికాలం అద్దం మీద పట్టేదీ చెమ్మే. తుడవొద్దన్న మాట అందరూ గుర్తుంచుకోవాలి. అల్యూమినియం పూత చాలా పలచన, గుడ్డ తగిలితే గీతలు పడతాయి. గోరువెచ్చని గాలి మెల్లగా తగిలిస్తే చాలు.

రాయగడ: "చెమ్మ" తీసుకున్నాను అన్నగారూ.

పర్లాకిమిడి: రెండూ సంతోషంగా అందుకున్నాను. నాకు మొదటిది ఎక్కువ నచ్చింది, అందులో పరికరం మొత్తం పనిచేస్తూ కనబడుతోంది. అంచుల్లో సాగిన చుక్కల మీద ఇంకా ఎవరూ రాయలేదు. కరెక్టర్ కొనేలోగా బరంపురం వారు అందుకోవాలి.